నీలికోళ్ళు, ఇద్దరు వియ్యంకులు

నా ఎడమ కనుబొమ్మను అడ్డంగా కోస్తూ ఒక తెల్లటి గాటు ఉంది. ఏందది అని అడిగిన ప్రతివాడికీ సాగరు నీళ్ళల్లో మొసలి పట్టుకుందని చెబుతుంటాను. ఒకసారి మాచర్ల బస్టాండులో కాస్త ఎక్కువే చెప్పాను. తలకాయ సగం దాని నోట్లోకి పోయిందనీ, లోపలికి చెయ్యి పెట్టి నాలుక మెలితిప్పితే కక్కేసిందనీ. విన్నాయన పాపం లేచి తన సీట్లో నన్ను కూర్చోబెట్టాడు.

మొసలి లేదు. ఆ రోజు నేను మొసలి తోక కూడా చూడలేదు. కానీ రక్తం కారింది మాత్రం నిజం. ఒకటి కాదు, రెండు ముఖాల మీద కారింది. రెండూ అరవై దాటిన ముఖాలే. ఒకటి నాది, రెండోది మా వియ్యంకుడిది.

మా వియ్యంకుడంటే మా కోడలి నాన్న. దాచేపల్లి పక్కన సున్నపురాయి తోలే లారీలు ఉన్న మనిషి. చెయ్యి వేస్తే భుజం కిందికి దిగుతుంది, అంత బరువు చెయ్యి. నాది గురజాల దగ్గర మిరప చేను. పెళ్ళయిన మొదటి ఏడాది మేమిద్దరం ఒకే కంచంలో తినేవాళ్ళం అన్నంత ఇదిగా ఉన్నాం. మమ్మల్ని కలిపింది పిల్లల పెళ్ళి కాదు, కోళ్ళు. విడదీసిందీ అవే.

ఆ ఏడాది దాటాక ఒకరోజు, పాడుబడిన రాళ్ళ క్వారీలో, పైన రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడని గుంటలో, ఆయన కోడినీ నా కోడినీ దించాం. నాది నెమలి, ఆయనది కాకి. ఈకల రంగును బట్టి పందెగాళ్ళు పెట్టుకున్న పేర్లవి. నాది పచ్చా ఎరుపూ కలిసి మెరుస్తుంటుంది, ఆయనది నల్లగా నిగనిగలాడుతుంది. రెండిటి కాళ్ళకీ కత్తులు కట్టాం. అరగంట సేపు కొట్టుకున్నాయి.

లేదు, కత్తి కట్టిన కోళ్ళు అరగంట కొట్టుకోవు. చేతిలో టీ చల్లారేలోపు తేలిపోతుంది. గాల్లో కలుసుకున్నాయి, ఈకలు ఎగిరాయి, కిందికి దిగేసరికి నా నెమలి రొమ్ము తెరుచుకుని ఉంది. అయినా మళ్ళీ లేచింది. తెల్లటి సున్నపు దుమ్ములో ఎర్రటి చుక్కలు పడితే ఎట్ట ఉంటదో చూసినవాడికే తెలుసు. రెండోసారి లేచినప్పుడు కాకి ముఖం మీద కొట్టింది. కాకి గిర్రున తిరిగి మాకు తోక చూపించింది.

"వెన్ను చూపించింది! ఓడింది!" అని అరిచాను.

"తిరిగిందంతే. పారిపోలా!" అన్నాడు ఆయన.

వెన్ను చూపిన కోడి ఓడినట్టే. అది ఏ బరిలోనైనా ఉన్న కట్టుబాటే. కానీ తిరగటానికీ పారిపోవటానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పేవాడు ఆ గుంటలో లేడు. ఆయన కోడిగంపతో నా మూతి మీద కొట్టాడు. ముందు పన్ను ఊడి నోట్లోనే తిరిగింది. నేను చేతికందిన రాయితో ఆయన చెవి మీద మోదాను. చెవి కింది భాగం చీలి వేలాడింది. చూడటానికొచ్చినవాళ్ళు మమ్మల్ని విడదీసేసరికి రెండు కోళ్ళూ చచ్చి పడున్నాయి. వాటి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

రెండేళ్ళు మాటల్లేవు. కొడుకింటికి ఆయన ముందు గుమ్మంలోంచి వస్తే నేను వెనక గుమ్మంలోంచి పోయేవాణ్ణి. ఆయన చెవికి కుట్లు పడ్డాయి, నాకు పెట్టుడు పన్ను పడింది. ఇద్దరిళ్ళల్లోనూ కోళ్ళు మానిపించారు.

మా కోడలు నరసరావుపేటలో బ్యాంకు పని చేస్తుంది. నోరు తక్కువ, పట్టు ఎక్కువ. సెలవొస్తే మెడకి బైనాక్యులర్ తగిలించుకుని చెరువుల వెంట తిరుగుతుంది. ఏడో నెల నిండుతుండగా ఒకరోజు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది.

"ఆదివారం సాగరు డ్యాము వెనక నిలిచిన నీళ్ళ దగ్గరికి పిట్టల్ని చూడటానికి పోదాం. నాన్నా వస్తాడు, మీరూ వస్తారు. ఆ ఒక్క పూట ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకుండా ఉంటే పురిటికి ఆస్పత్రికి రండి, బిడ్డనెత్తుకోండి. ఎత్తారా, ఇక బిడ్డ మొహం ఫోన్లో చూసుకోవాల్సిందే. ఇద్దరూ."

"తప్పు మీ నాన్నదమ్మా," అన్నాను.

"ఆయనా అదే అన్నాడు మామయ్యా," అని పెట్టేసింది.

కారులో నా కొడుకు తోలుతున్నాడు, పక్కన కోడలు. వెనక సీట్లో మేమిద్దరం, మధ్యలో సరిహద్దు రాయిలాగా నీళ్ళ క్యాను. మాచర్ల దాటిందాకా ఆయన ఆ కిటికీలోకి చూశాడు, నేను ఈ కిటికీలోకి చూశాను. ఒకసారి దగ్గొచ్చినా ఆపుకున్నాను. దగ్గితే అదో మాట కింద పట్టుకుంటాడని.

అక్కడికి పోయాక చూస్తే, అడవిలోకి చీలికలు చీలికలుగా పాకిన నీళ్ళు. అంచుల్లో నిలువెత్తు జమ్ము. గట్టు మీద నీడకి ఒక రేకుల షెడ్డు, కూర్చోవటానికి సిమెంటు బల్లలు. ఎండ ఇంకా మెత్తగానే ఉంది. కోడలు మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి దాని మీద పెద్ద దుర్భిణి బిగించింది.

"ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉంటదో చూడండి," అంది.

నేను చూశాను. నా కళ్ళకి కనపడిన ప్రశాంతం ఇది. ఎండు కొమ్మ మీద లకుముకి పిట్ట ఒక చేపను తోక దగ్గర పట్టుకుని కొమ్మకేసి బాదుతోంది. తల చితికిందాకా బాది, తిప్పి మళ్ళీ బాదింది. ఇంకో పక్క పాములాంటి మెడ ఉన్న నల్లపక్షి నీళ్ళల్లోంచి లేచింది. దాని ముక్కు చేప పొట్టలోంచి దూరి అవతలికి వచ్చి ఉంది. చేప ఇంకా కొట్టుకుంటోంది. పైనుంచి ఒక గద్ద దిగి బాతుపిల్లల వరసలో చివరిదాన్ని ఎత్తుకుపోయింది. తల్లి అరిచింది, నీళ్ళ మీద పరిగెత్తింది, తర్వాత మిగిలినవాటిని వెంటేసుకుని మళ్ళీ ఈదింది. మా ఊళ్ళో పంచాయితీ ఎన్నికలప్పుడు కూడా ఇంత హత్యాకాండ చూడలేదు. అక్కడైతే కనీసం పోలీసులొస్తారు.

"బాగుందా మామయ్యా?" అంది కోడలు.

"చానా బాగుందమ్మా," అన్నాను. అబద్ధం కాదు. రెండేళ్ళ తర్వాత నా ఒంట్లో నెత్తురు కదిలింది. ఓరగా చూశాను. వియ్యంకుడి ముక్కుపుటాలు కూడా అదురుతున్నాయి.

"నేను ఈ బల్ల మీద కూర్చుంటాను. మీరిద్దరే గట్టు కింద దారెంట అట్టా ఆ మలుపు దాకా నడిచి రండి," అంది కోడలు. ఇద్దరికీ కలిపి ఒక్క బైనాక్యులరే ఇచ్చింది. కావాలనే ఇచ్చింది. నా కొడుకు ఏదో అనబోతే చూపుతోనే ఆపింది.

దారి వెంట బైనాక్యులర్ ఆయన మెడలో ఉంది. అడగటం నాకు నామోషీ. మలుపు దగ్గరికొచ్చేసరికి జమ్ములో పెద్ద గోల. ఇత్తడి గిన్నెలు రాళ్ళకేసి కొట్టినట్టు అరుపులు. జమ్ము పక్కకి తోసి చూశాం.

నీలికోళ్ళు. కారులో వస్తున్నప్పుడు కోడలు ఫోన్లో బొమ్మ చూపించి ఆ పేరే చెప్పింది. నిఖార్సైన నీలం రంగు ఒళ్ళు, ఎర్రటి మొద్దు ముక్కు, నుదుటి మీద ఎర్రటి రేకు, పొడుగాటి ఎర్రకాళ్ళు. ఒక్కోటి గొర్రెపిల్లంత ఉంది. సరే, గొర్రెపిల్లంత కాదు, మన నాటుకోడి పెట్టంత. వాటి మోకాలి లోతు నీళ్ళల్లో రెండు మగవి ఎదురెదురుగా నిలబడ్డాయి. వెనక్కి వాలి, రెక్కలు నీళ్ళ మీద ఆనించి, రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి ఒకదాని రొమ్ము మీద ఒకటి తన్నుకుంటున్నాయి. ఎవరూ కత్తి కట్టలేదు, ఎవరూ దించలేదు. వాటంతట అవే.

"ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్," అన్నాడు వియ్యంకుడు, ఎవర్నీ కాదు.

"ఎడమదాని కాలు చూడు," అన్నాను. రెండేళ్ళలో ఆయనతో నేనన్న మొదటి మాట అది.

"ఏం కాలు? కుడిదాని పట్టు చూడు ముందు. చెవి దగ్గర పట్టింది."

"పట్టు కాదది, పడిపోకుండా ఆనుకుంది. ఎడమది కొట్టేస్తది."

"కొట్టుద్ది నీ మొహం!"

చూస్తుండగానే నా కోడి ఎడమది అయిపోయింది, ఆయన కోడి కుడిది అయిపోయింది. ఒక్కోసారి ఒకటి రెండోదాని కాలివేళ్ళు పట్టుకుని మెలేసి లాగేది. నీళ్ళల్లోకి తల తొక్కేది. నీలం ఈకలు ఊడి చుట్టూ తేలుతున్నాయి. నా కోడి ముక్కు పక్కన చీలి, నీళ్ళల్లో పలచగా ఎరుపు తిరుగుతోంది. ఆయన బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకుని "చూడు చూడు, అయిపోయింది నీది" అంటున్నాడు. నాకు జమ్ము అడ్డం.

"ఇటియ్యి," అన్నాను.

"ఆగు."

"ఇటియ్యవయ్యా!"

"ఓడిపోయేది చూడటానికి తొందరేంది నీకు? ఆ రోజు మాత్రం బాగా కనపడిందిగా, నా కాకి వెన్ను?"

అంతే. మిగతాది ఎట్ట జరిగిందో చెబుతాను. ఆయన బైనాక్యులర్ మెడలోంచి తీసి, గాల్లో తిప్పి, నా కనుబొమ్మ మీద కొట్టాడు. ఎముక తగిలేంత లోతుగా తెగింది.

ఇట్టనే చెప్పాను మా ఆవిడకి కూడా. కానీ ఆయన కొట్టలేదు. పట్టీ పట్టుకుని నేనే నా బలమంతా పెట్టి లాగాను. ఆయన మెడ నొప్పెట్టి తల వంచి వదిలేశాడు. అది వచ్చి నా ముఖానికే తగిలింది. నా గాటు నేను పెట్టుకున్నదే. ఇది రాయటం కంటే మొసలి నోట్లో తలకాయ పెట్టటం తేలిక.

కంట్లోకి నెత్తురు దిగేసరికి నాకేం కనపడలేదు. కనపడినదాన్ని గుద్దాను. ఆయన మూతి తగిలింది. పళ్ళ మీద నా పిడికిలి చీలింది. ఆయన నా చొక్కా పట్టుకుని నన్ను జమ్ములోకి విసిరాడు, విసురుతూ తనూ నా మీద పడ్డాడు. జమ్మాకు అంచులు చేతుల్ని కోస్తున్నాయి. బురదలో ఆయన మోకాలు నా పక్కటెముకల మీద ఉంది, నా బొటనవేలు ఆయన చెవి మీద ఉంది. ఆ పాత కుట్ల చోటే. నొక్కాను. ఆయన ఎద్దులాగా రంకె వేశాడు. నా తలని నీళ్ళల్లోకి తొక్కాడు. నోట్లోకి బురదా నీళ్ళూ వచ్చాయి. చెవుల్లో గుండె చప్పుడు. పైకి లేచి ఊపిరి పీల్చి ఆయన జుట్టు పట్టుకుని నేనూ తొక్కాను. అవతల ఆ రెండు కోళ్ళు ఏం చేస్తున్నాయో ఇవతల మేమూ అక్షరాలా అదే చేస్తున్నాం. అప్పుడు తెలియలేదు. తర్వాత చూసినామె చెప్పింది.

ఎవరు ముందు ఆపారో చెప్పలేను. ఎవరూ ఆపలేదు, ఊపిరి అయిపోయింది. ఇద్దరం నడుము లోతు బురదలో కూలబడి, కుక్కల్లాగా రొప్పుతున్నాం. ఆయన కింది పెదవి వేలాడుతోంది. నా ఎడమ కన్ను మూసుకుపోయింది.

అప్పుడు మా ఇద్దరి మధ్యకి నా కోడి తేలుకుంటూ వచ్చింది. ఒకపక్కకి ఒరిగి, రెక్క జారవిడిచి, ముక్కు నీళ్ళల్లో మునిగి తేలుతూ. గెలిచింది అవతల తుంగ దుబ్బెక్కి రెక్కలు దులుపుకుంటోంది.

ఆయన చేతులు చాపి దాన్ని తీసుకున్నాడు. మెడ వాలిపోకుండా కింద రెండు వేళ్ళు, రొమ్ము కింద అరచెయ్యి. అంత బరువు చెయ్యి, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను జేబులోంచి నీళ్ళ సీసా తీసి పుక్కిట పట్టి దాని ముఖం మీద తుంపరగా ఊదాను. దాని గొంతులో చేరిన నీరు ఆయన వేలితో కిందికి రాసి తీశాడు. నేను నా తడి చొక్కా విప్పి, గట్టిగా పిండి, దాని రెక్కల కింద తుడిచాను. ఆయన నోటితో వేడి ఊపిరి దాని రొమ్ము ఈకల్లోకి వదిలాడు. ఆయన పెదవిలోంచి కారే నెత్తురు నీలం ఈకల మీద పడుతోంది. అది ఒకసారి వణికింది. కన్ను తెరిచింది. ఆ కన్ను కూడా ఎరుపే.

"బతికింది," అన్నాడు.

"నీళ్ళు ఇంకోసారి ఊదుతా ఉండు."

ఊదాను. కాళ్ళు బిగించింది. వేళ్ళు ఆయన మణికట్టు చుట్టూ పట్టేసింది. మా ఇద్దరికీ పట్టలేని సంతోషం. ఆయన దాన్ని జాగ్రత్తగా ఎత్తుకుని, నేను ముందు జమ్ము తొలగిస్తుంటే, నాలుగడుగులు వేసి, తుంగ దుబ్బుకి ఎదురుగా, సరిగ్గా గెలిచినదాని ముఖానికి ముఖం పెట్టి దించాడు. నేను వెనకనుంచి తోక కింద చిన్నగా తట్టాను కూడా.

ఎందుకు చేశాం? కోడి తేరుకుంటే బరిలోకి దించాలి. అంతకు మించి ఆలోచన లేదు మాకు. మా చేతులకి ఆ పని అయ్యాక చేసే పని అదొక్కటే తెలుసు.

గెలిచినది దుబ్బు మీంచి దూకి ఒక్క తన్ను తన్నింది. మాది వెల్లకిలా పడి, లేచి, గిర్రున తిరిగి, జమ్ములోకి దూరిపోయింది.

"ఓడింది," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆ మాట మీద ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన పెదవి చేత్తో ఎత్తిపట్టుకుని అన్నాడు: "ఆ రోజు నా కాకికి ఎడమ కన్ను పోయింది బావా. నీ కోడి కత్తి కంట్లో దిగింది. కనపడక తిరిగింది. అది తిరుగుతున్నప్పుడే చూశా."

నాకు ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. ఆయన నిలబడ్డ పక్క నాకూ సరిగా కనపడటం లేదు. ఆయన మాట వినటానికి నేనూ తల తిప్పాల్సి వచ్చింది.

"అప్పుడే చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్పనిచ్చావా నువ్వు? రాయి తీసుకున్నావుగా."

గట్టెక్కుతుంటే అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఆస్పత్రి. బిడ్డ. పూట గడవకుండానే చేతులెత్తాం. ముఖాలు కడుక్కున్నాం గానీ వాచినదాన్ని ఏం కడుగుతాం. ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలో కలుపుకునేలోపే షెడ్డు వచ్చేసింది.

"జారిపడ్డామమ్మా," అన్నాడు ఆయన.

"మొసలమ్మా," అన్నాను నేను, అదే ఊపిరిలో.

నా కొడుకు తల పట్టుకున్నాడు. కోడలు బల్ల మీంచి లేవలేదు. పొట్ట మీద ఒక చెయ్యి, రెండో చెయ్యి దుర్భిణి మీద. ఆ దుర్భిణి ముఖం ఎటుందో అప్పుడు చూశాను. సూటిగా మలుపు వైపే ఉంది.

"జారిపడి మొసలి మీద పడ్డారా?" అంది.



"మామయ్యా, మిమ్మల్ని మీరే కొట్టుకున్నారు మొదట. అది కూడా చూశాను. కిందికి పరిగెత్తబోతే మీ అబ్బాయి నన్ను పట్టుకుని ఆపాడు. నీళ్ళల్లోకి తలలు తొక్కుకుంటుంటే, ఎవరో ఒకరు లేవరనుకున్నాను." దుర్భిణి మీంచి చెయ్యి తీసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "తర్వాత ఆ పిట్టని పట్టుకున్నారు. నాన్నా, నువ్వు దాని మెడ కింద వేళ్ళు పెట్టావు చూడు, అప్పుడు అనుకున్నాను. ఏమైతే అయింది, వీళ్ళ చేతుల్లో నా బిడ్డని పెట్టొచ్చని."

మేమిద్దరం తలలెత్తాం.

"మళ్ళీ తీసుకెళ్ళి దాని ముందే ఎందుకు దించారు?"

ఆయన నేల చూశాడు. "అలవాటమ్మా," అన్నాడు.

"అదే నా భయం," అంది.

కారులో నీళ్ళ క్యాను మా మధ్యలో లేదు. మా కొడుకు తీసి డిక్కీలో పెట్టాడు, ఎవరి కిటికీలోకి వాళ్ళం చూడకుండా ఒకరి ముఖం ఒకరం చూసుకోవాలని కాబోలు. మాచర్లలో కుట్లు వేయించారు. కుట్టేటాయన ఎట్ట తగిలిందని అడిగితే మొసలి అన్నాను. వియ్యంకుడు "అవును, నేనూ చూశా" అన్నాడు. మనిషి మంచోడే.

ఇంటికొచ్చి దిగేటప్పుడు కోడలు తీర్పు చెప్పింది. "పురిటికి రండి. ఇద్దరూ రండి. చూడండి. కానీ చేతులు కట్టుకుని చూడాలి. ఎత్తుకునేది ఎప్పుడో నేను చెబుతాను."

చలి ముదిరాక నరసరావుపేట ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. కబురందగానే నేను దాచేపల్లి పోయి వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాను. తప్పు, ఆయనే లారీలో వచ్చి నన్ను ఎక్కించుకుని పోయాడు. మంచం పక్కన బల్ల మీద ఇద్దరం చిన్నపిల్లలు బళ్ళో కూర్చున్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఆయన పెదవి కొంచెం వంకరగా అతుక్కుంది. నా కనుబొమ్మ రెండు ముక్కలయింది.

బిడ్డ నన్ను చూసి నవ్వింది. నవ్వలేదు, కళ్ళు కూడా తెరవలేదు. కోడలు ఒళ్ళో పడుకోబెట్టుకుని గుడ్డ వదులు చేసింది. చల్లగాలి తగిలిందేమో, బిడ్డ ముఖం ఎర్రగా చేసుకుని, వెనక్కి వాలి, రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి గాలిని తన్నింది.

నా చేతులు వాటంతట అవే విడిపోబోయాయి. గట్టిగా పట్టుకున్నాను. పక్కన ఆయనవీ విడిపోబోయి మళ్ళీ చంకల్లోకి దూరాయి.

"చూశావా బావా," అన్నాడు నా చెవిలో, "కాలు ఎట్ట లేస్తుందో! పట్టు చూడు, పట్టు!"

"నోరు మూసుకో. వాళ్ళమ్మ వింటది," అన్నాను.

విన్నది. గుడ్డ పైకి లాగి, బిడ్డ కాళ్ళు రెండూ మెత్తగా దగ్గరికి చేర్చి, కదలకుండా రెండు వైపులా దోపింది.